విత్‌డ్రా చేసుకున్నారు సరే, ఎక్కడికి?

“నా వ్యాఖ్యలు ఎవరినైనా నొప్పించి ఉంటే వాటిని వెనక్కి తీసుకుంటున్నాను.”

ఈ వాక్యం టీవీ స్క్రోలింగులో ఎన్నిసార్లు చదివుంటామో లెక్క లేదు. మనిషి మారతాడు, పార్టీ మారుతుంది, తిట్టు మారుతుంది. వాక్యం మాత్రం అచ్చుగుద్దినట్టు అదే. ఇది చూసినప్పుడల్లా నాకో చొప్పదంటు ప్రశ్న వస్తుంది: వెనక్కి తీసుకుని ఎక్కడ పెట్టుకుంటారండీ?

వెటకారానికి అడగట్లేదు. ఒకసారి నేనూ ఓ మాట ఇలాగే వెనక్కి తీసుకున్నాను, అదీ ఇంగ్లీషులో. ఆ దెబ్బతోనే ‘విత్‌డ్రా’ అన్న క్రియని పట్టుకుని కొన్నాళ్ళు వేళ్ళాడాను. కాబట్టి ముందు నా భాగోతం.

కొన్నేళ్ళ కిందటి మాట. వారానికోసారి జరిగే కాల్‌లో పదిహేను మందిమి ఉన్నాం, అవతల క్లయింటు తరఫు వాళ్ళతో కలిపి. కొత్తగా చేరిన ఓ అమ్మాయి రాసిన కోడు వల్ల టెస్టింగులో పాత ఆర్డర్లన్నీ రెండేసిసార్లు లెక్కకొచ్చాయి. నేను అప్పటికే చిరాగ్గా ఉన్నాను. “ఇది కూడా తెలీకుండా ఇంజనీరింగ్ ఎలా పాసయ్యావమ్మా?” అనేశాను. ఇద్దరు ముగ్గురు నవ్వారు. ఆ అమ్మాయి నెమ్మదిగా “డాక్యుమెంటులో అలాగే ఉందండీ” అంది. తెరిచి చూస్తే నిజమే. ఆ డాక్యుమెంటు రాసిన మహానుభావుణ్ణి నేనే. అప్పుడు నేనేం చేశాను? “ఓకే ఓకే, ఐ విత్‌డ్రా దట్. నెక్స్ట్ పాయింట్” అన్నాను. మళ్ళీ నవ్వులు. నా లెక్కలో విషయం అక్కడితో క్లోజ్.

ఆ తర్వాత ఆ అమ్మాయి కాల్స్‌లో నోరు విప్పలేదు. ఏదడిగినా “మెయిల్ పంపిస్తానండీ” అనేది. నాలుగైదు నెలలకి వేరే ప్రాజెక్టుకి వెళ్ళిపోయింది. తనలోకి తాను ముడుచుకుపోయిన మనిషిని ఇంగ్లీషులో ‘విత్‌డ్రాన్’ అంటారు. నేను విత్‌డ్రా చేసుకున్నానన్న మాట ఎక్కడికీ పోలేదు, ఆ పదిహేను మంది చెవుల్లోనే ఉంది. విత్‌డ్రా అయింది ఆ అమ్మాయి.

సరే, ఇహ మాట సంగతికొద్దాం.

డ్రా అంటే లాగడం. మరి విత్ అంటే? మనకి తెలిసిన విత్‌కి ‘తో’ అని అర్థం. ‘తో లాగడం’ ఏమిటి నా మొహం! అసలు కిటుకేంటంటే పాత ఇంగ్లీషులో విత్ అంటే ‘ఎదురుగా, వ్యతిరేకంగా’ అని. ఆ పాత అర్థం ఇప్పటికీ విత్‌స్టాండ్‌లో (ఎదురు నిలవడం), విత్‌హోల్డ్‌లో (ఇవ్వకుండా బిగబట్టడం) మిగిలుంది. విత్‌డ్రా కూడా ఆ కుటుంబమే. అవతలికి పోయేదాన్ని ఇవతలికి, తన వైపుకి లాక్కోవడం.

అన్నట్టు, మన ఇళ్ళల్లో డ్రాయింగ్ రూమ్‌కీ బొమ్మలు గీయడానికీ ఏ సంబంధమూ లేదు. అది విత్‌డ్రాయింగ్ రూమ్. నలుగురిలోంచి తప్పుకుని వెళ్ళి ప్రశాంతంగా కూర్చునే గది. 17వ శతాబ్దంలో ముందున్న ‘విత్’ ఊడిపోయింది. మనమేమో వచ్చిన నలుగుర్నీ కూర్చోబెట్టే గదికి ఆ పేరు పెట్టుకున్నాం :)

ఈ క్రియకి రెండు వాడుకలున్నాయి. ఒకటి, దేన్నో విత్‌డ్రా చెయ్యడం. అంటే ఆ వస్తువు వెనక్కి వస్తుంది. రెండు, దేన్నుంచో విత్‌డ్రా అవ్వడం. అంటే వస్తువు అక్కడే ఉంటుంది, మనం వెనక్కి వస్తాం. మొదటిది ఉపసంహరించుకోవడం, రెండోది తప్పుకోవడం. తేడా చిన్నదే. కానీ నేను చూసిన గందరగోళంలో సగం ఈ రెండిట్నీ కలిపెయ్యడం వల్లే వచ్చింది.

మనలో చాలామంది ఈ మాటని మొదట నేర్చుకున్నది బ్యాంకులో. విత్‌డ్రాయల్ ఫారం నింపుతాం, డబ్బు తీసుకుంటాం. అక్కడ దానికి రెండు షరతులు. డబ్బు మనదై ఉండాలి, ఇంకా మన ఖాతాలోనే ఉండాలి. పక్కింటాయనకి నిన్ననే ఇచ్చేసిన డబ్బుని ఇవాళ నా ఖాతాలోంచి విత్‌డ్రా చేస్తానంటే క్యాషియర్ నవ్వుతాడు. మాట విషయంలో ఈ నవ్వు ఎందుకు రాదో నాకర్థం కాదు. నోట్లోంచి బయటికొచ్చిన మాట ఎవరి ఖాతాలో ఉన్నట్టు?

కొన్ని అసలు సిసలు విత్‌డ్రాలు చూద్దాం. ప్రతిదానికీ ఒకే ప్రశ్న వేసుకోండి: వెనక్కి వచ్చిందేది, అక్కడే మిగిలిందేది?

మొదటిది నోట్లు. 2016 నవంబర్ 8 రాత్రి ప్రకటించింది రద్దు. అర్ధరాత్రి దాటాక పాత 500, 1000 నోట్లకి చట్టబద్ధమైన చెల్లుబాటు పోయింది. 2023 మే 19న రిజర్వు బ్యాంకు 2000 నోటు గురించి చెప్పింది రద్దు కాదు, చలామణీ నుంచి ఉపసంహరణ. అంటే నోట్లని తన దగ్గరికి రప్పించుకుంటోంది, కానీ నోటు నోటే, చెల్లుబాటు పోలేదు. ఆ రోజుకి బయట ఉన్నవి 3.56 లక్షల కోట్ల రూపాయల విలువైన నోట్లు. బ్యాంకుల్లో మార్చుకునే గడువు 2023 అక్టోబర్ 7తో అయిపోయాక కూడా రిజర్వు బ్యాంకు ఇష్యూ ఆఫీసుల్లో (హైదరాబాదులో ఒకటుంది) తీసుకుంటూనే వచ్చారు. మన జనాలు మాత్రం “రెండువేల నోటు రద్దయిపోయింది” అనేశారు. రెండు పదాల మధ్య తేడా తెలియకపోతే, డబ్బాలో దాచుకున్న నాలుగు నోట్లని ఎవడో సగం ధరకి కొంటానంటే ఇచ్చేసే ప్రమాదం ఉంది.

రెండోది ఎన్నికల నామినేషన్. 1951 ప్రజాప్రాతినిధ్య చట్టం 37వ సెక్షన్ ప్రకారం గడువు రోజు మధ్యాహ్నం మూడు గంటల్లోపు రాతపూర్వకంగా ఇస్తే నామినేషన్ విత్‌డ్రా అయినట్టు. ఒకసారి ఇచ్చాక ఆ నోటీసుని రద్దు చేసుకోవడం కుదరదు. అంటే విత్‌డ్రాని విత్‌డ్రా చెయ్యడం లేదు! ఐరోపాలో దీనికి తిరగేసి జరిగింది. బ్రిటన్ 2017 మార్చి 29న ఐరోపా సమాఖ్య నుంచి తప్పుకుంటానని నోటీసిచ్చింది. కావాలనుకుంటే ఆ నోటీసుని బ్రిటన్ ఏకపక్షంగా వెనక్కి తీసుకోవచ్చని సమాఖ్య న్యాయస్థానం 2018 డిసెంబర్ 10న చెప్పింది. వాళ్ళు తీసుకోలేదు, 2020 జనవరి 31న బయటికి నడిచారు. కాబట్టి ‘ఎవరు, ఎప్పటిదాకా వెనక్కి తీసుకోవచ్చు’ అన్నది నిఘంటువు చెప్పదు. ఆయా చట్టంలో వెతుక్కోవాలి.

మూడోది కేసులు. ఇక్కడ మాట తేడా వస్తే బతుకులే తేడా వస్తాయి. “కేసు వాపసు తీసుకో” అని ఊళ్ళో పెద్దమనుషులు బాధితుల మీద ఒత్తిడి తేవడం మనకి కొత్తేం కాదు. ఇంత ముట్టజెప్పి, తెల్లకాగితం మీద సంతకం పెట్టించుకుని, “ఇంక కేసు లేదు” అంటారు. ఇచ్చినవాడూ నమ్ముతాడు, తీసుకున్నవాళ్ళూ నమ్ముతారు. నిజానికి చిన్నచిన్న నేరాల్లో చట్టప్రకారం రాజీ కుదురుతుంది. హత్య, అత్యాచారం లాంటివాటిలో ఫిర్యాదు ఇవ్వడం వరకే బాధితుల పని, ఆ తర్వాత నడిపేది ప్రభుత్వం. వాళ్ళది కాని కేసుని వాళ్ళెలా వాపసు తీసుకుంటారు? ప్రభుత్వ న్యాయవాది కూడా కేసుని విత్‌డ్రా చెయ్యడు, ప్రాసిక్యూషన్ నుంచి విత్‌డ్రా అవుతాడు. పాత సీఆర్‌పీసీ 321వ సెక్షన్‌లో మాట అదే. 2024 జూలై 1 నుంచి అమల్లోకొచ్చిన కొత్త చట్టంలో అది 360. రెండింట్లోనూ కోర్టు ఒప్పుకోవాలి. ఎంపీలు, ఎమ్మెల్యేల మీదున్న కేసుల్లో హైకోర్టు అనుమతి లేనిదే ఇలా తప్పుకోకూడదని సుప్రీంకోర్టు 2021 ఆగస్టులో చెప్పింది కూడా. తప్పుకోవడం అన్న మాట ఎంత పొదుపుగా ఉందో చూడండి. నేరం జరగలేదని అనట్లేదు, నేను నడపను అంటోందంతే.

నాలుగోది చట్టాలు. 2021 నవంబర్‌లో మూడు రోజుల తేడాతో రెండు చూశాం. 19న మూడు సాగు చట్టాల్ని వెనక్కి తీసుకుంటున్నట్టు ప్రధాని ప్రకటించారు. ప్రకటనతో చట్టం పోదు, అందుకే 29న పార్లమెంటు రద్దు బిల్లు పాస్ చెయ్యాల్సి వచ్చింది. ఈలోపు 22న ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీ మూడు రాజధానుల చట్టాన్ని రద్దు చేసే బిల్లు పాస్ చేసింది. కారణాలు చూడండి. కొంతమంది రైతులకి సరిగ్గా నచ్చజెప్పలేకపోయామని ఢిల్లీలో అన్నారు. మరింత మెరుగైన బిల్లుతో మళ్ళీ వస్తామని ఇక్కడ అన్నారు. రెండు చోట్లా చట్టం వెనక్కెళ్ళింది, చట్టం తప్పన్న మాట మాత్రం రాలేదు. వాళ్ళని తప్పుపట్టడానికి ఇది చెప్పట్లేదు. విత్‌డ్రాకి ఉన్న అర్థమే అంత. అందులో ‘నాది తప్పు’ అన్న ముక్క లేదు. మనమే దాన్ని ఊహించుకుని చప్పట్లు కొడతాం, లేదా గెలిచామంటాం.

అసలా పదమే వాడకుండా వెనక్కి రావడం ఇంకో విద్య. 2009 డిసెంబర్ 9 రాత్రి తెలంగాణ ఏర్పాటు ప్రక్రియ మొదలవుతుందని కేంద్ర హోంమంత్రి ప్రకటన. డిసెంబర్ 23న, పరిస్థితి మారింది, విస్తృత సంప్రదింపులు కావాలని ఇంకో ప్రకటన. రెండో దాంట్లో మొదటిదాన్ని వెనక్కి తీసుకున్నట్టు లేదు. అయినా ఇక్కడ ఎవరికీ అనువాదం అవసరం కాలేదు. ఒక ప్రాంతంలో ‘మాట తప్పారు’ అన్నారు, ఇంకో ప్రాంతంలో ‘తొందరపాటు దిద్దుకున్నారు’ అన్నారు. రాష్ట్రం వచ్చింది 2014 జూన్ 2న.

ఇప్పుడు మా వృత్తిలోకి వస్తాను. వెనక్కి తీసుకోవడం గురించి సాఫ్ట్‌వేర్ వాళ్ళకి తెలిసినంత వేరేవాళ్ళకి తెలీదని నా గట్టి నమ్మకం (మేం రోజూ చేసేదే తప్పులు కాబట్టి). డేటాబేసులో ట్రాన్సాక్షన్ కమిట్ కానంతవరకే రోల్‌బ్యాక్. కమిట్ అయ్యాక రోల్‌బ్యాక్ లేదు, ఆ తప్పుని సరిచేసే ఇంకో ట్రాన్సాక్షన్ రాసుకోవాలి. గిట్‌లో ‘రివర్ట్’ కొడితే పాత కమిట్ మాయమవదు. దానికి సరిగ్గా ఎదురుగా పనిచేసే కొత్త కమిట్ వచ్చి పక్కన చేరుతుంది. చరిత్రలో రెండూ ఉంటాయి: ఎవరు చెడగొట్టారు, ఎవరు బాగుచేశారు, ఎప్పుడు. అకౌంటెంట్లు కంప్యూటర్లు రాకముందు నుంచీ చేస్తున్నదీ అదే. తప్పు పద్దుని చెరిపెయ్యరు, రివర్స్ ఎంట్రీ వేస్తారు.

చెరిపేసినట్టు నటించేవి వేరే ఉన్నాయి. ఔట్‌లుక్‌లో మెయిల్ ‘రీకాల్’ చేస్తే ఏమవుతుందో ఆఫీసుల్లో పనిచేసేవాళ్ళందరికీ తెలుసు. అప్పటిదాకా ఆ మెయిల్‌ని పట్టించుకోనివాడు కూడా, ఏం రాశాడో చూద్దామని వెతికి మరీ చదువుతాడు. వాట్సాప్ 2017లో ఇచ్చిన ‘అందరికీ డిలీట్’ సౌకర్యం కూడా వెనకాల ఓ గుర్తు వదిలి పోతుంది. మాట పోయింది, మాట అన్న సంగతి మిగిలింది.

శాస్త్ర పత్రికలు ఈ విషయంలో నిజాయితీపరులు. అక్కడి పదం రిట్రాక్ట్. ఎమ్మెమ్మార్ టీకాకీ ఆటిజానికీ ముడిపెడుతూ 1998లో వచ్చిన వేక్‌ఫీల్డ్ పేపర్‌ని ‘లాన్సెట్’ పత్రిక 2010లో రిట్రాక్ట్ చేసింది. ఆ పేపర్‌ని మాయం చెయ్యలేదు, ‘వెనక్కి తీసుకోబడినది’ అన్న ముద్ర కొట్టి అక్కడే ఉంచారు. ఎందుకు తీసుకున్నారో కూడా రాశారు. ఈలోగా పన్నెండేళ్ళు గడిచాయి. పిల్లలకి టీకా వేయించడానికి జంకిన తల్లిదండ్రుల భయం ఆ ముద్రతో చటుక్కున పోలేదు.

ఇక మన తెలుగు. విత్‌డ్రాకి పత్రికల వాళ్ళు వాడే ‘ఉపసంహరణ’ ఎక్కడిదో గుర్తుందా? మహాభారతం సౌప్తిక పర్వం. అశ్వత్థామ బ్రహ్మశిరోనామకాస్త్రం వేస్తాడు, దాన్ని ఆపడానికి అర్జునుడూ వేస్తాడు. వ్యాసుడూ నారదుడూ మధ్యలో నిలబడి ఇద్దర్నీ ఉపసంహరించమంటారు. అర్జునుడు ఉపసంహరిస్తాడు, నిగ్రహం ఉన్నవాడు కాబట్టి. అశ్వత్థామకి వెయ్యడం వచ్చు, వెనక్కి తీసుకోవడం చేతకాదు. ఆ అస్త్రం చివరికి వెళ్ళి తగిలింది ఉత్తర కడుపులో బిడ్డకి. గొడవతో ఏ సంబంధమూ లేని ప్రాణం. అంటే మన సంప్రదాయంలో ఉపసంహరణ అన్నది ప్రయోగం కన్నా కష్టమైన విద్య. దాన్ని తీసుకొచ్చి ‘ఎవరినైనా నొప్పించి ఉంటే’ పక్కన పడేశాం.

అయితే వాడుక తెలుగు మాత్రం చాలా ఖచ్చితంగా ఉంది. పోటీలోంచి మనిషి ‘తప్పుకుంటాడు’. సమ్మె ‘విరమిస్తారు’. హామీ ఇచ్చి చెయ్యకపోతే ‘మాట తప్పాడు’. నిన్న ఒకటి, ఇవాళ ఒకటి అంటే ‘ప్లేటు ఫిరాయించాడు’. కోర్టులో ఇచ్చిన వాంగ్మూలం కాదంటే సాక్షి ‘అడ్డం తిరిగాడు’ (దీనికి మన కోర్టుల ఇంగ్లీషులో రిసైల్ అని ఓ పదం తిరుగుతుంటుంది, వెనక్కి గెంతడం అని దాని మూలార్థం). భయంతో అయితే ‘తోక ముడిచాడు’, ఆలోచించి అయితే ‘వెనక్కి తగ్గాడు’. అనకూడని మాట అంటే ‘నాలిక కరుచుకున్నాడు’. అది తప్పని ఒప్పుకుంటే ‘లెంపలేసుకున్నాడు’. చూశారా, ఈ చివరి రెండిట్లో నొప్పి ఎవరికి? అన్నవాడికే. కాలు జారితే తీసుకోగలం గానీ నోరు జారితే తీసుకోలేం అన్న సామెత పుట్టిన భాషలో అలాగే ఉంటుంది మరి.

ఇంకో చిన్న సంగతి. తెలుగులో క్రియకి ‘కొను’ చేరిస్తే ఆ పని ఫలం చేసినవాడికే వెళ్తుంది. ‘వండాను’ వేరు, ‘వండుకున్నాను’ వేరు. ‘వ్యాఖ్యలు వెనక్కి తీసుకున్నాను’లోనూ ఆ ‘కొను’ ఉంది. ఎవరి కోసం తీసుకున్నట్టు? నా కోసం. నా మీద పడే రాళ్ళు ఆగడం కోసం. పడ్డవాళ్ళ కోసం చేసే పని అందులో ఏమీ లేదు.

అందుకని నాది ఒకే ఒక్క అభిప్రాయం. వస్తువునీ, నోటునీ, నామినేషన్‌నీ వెనక్కి తీసుకోండి, విత్‌డ్రా అనండి, ఉపసంహరణ అనండి, తప్పులేదు. అన్న మాటకి మాత్రం ఆ క్రియ వాడకండి. చట్టసభల్లో సభాపతి అడిగితే మాట ఉపసంహరించుకునే మర్యాద ఉంది, ఆ మాటని రికార్డుల్లోంచి తీసెయ్యడానికి నియమాలూ ఉన్నాయి. కానీ మన ఇళ్ళకీ ఆఫీసులకీ రికార్డు లేదు, మనుషులే రికార్డు. అక్కడ పనికొచ్చేది గిట్ రివర్టే. అన్నది అన్నట్టు ఒప్పుకోవాలి, దానికి ఎదురు మాట పక్కన పెట్టాలి. అదీ అన్నచోటే, విన్నవాళ్ళ ముందే. నలుగురిలో అని, పక్కకి పిలిచి సారీ చెప్పడం సగం రివర్టే.

నాకిది అర్థమయ్యేసరికి ఏడాది పట్టింది. ఆ అమ్మాయికి ఫోన్ చేశాను. “పర్లేదండీ, నేనెప్పుడో మర్చిపోయాను” అంది. ఏ కాల్, ఏ మాట అని అడగలేదు. మర్చిపోయినవాళ్ళు అడుగుతారు.

ఆ వారం కాల్‌లో, పాత పదిహేనులో మిగిలిన ఎనిమిది మంది ముందు చెప్పాను: ఫలానా రోజు ఫలానా తప్పు నా డాక్యుమెంటుది, అన్న మాట అనకూడనిది, అని. ఒక నిమిషం ఎవరూ మాట్లాడలేదు. తర్వాత ఓ కుర్రాడు తన డాక్యుమెంటులోనూ తప్పుందని, రెండు వారాలుగా చెప్పడానికి భయపడుతున్నానని అన్నాడు.

ఆ అమ్మాయికి ఇవన్నీ రాసి మెయిల్ పెట్టాను, ఆ ఎనిమిది మందినీ కాపీలో పెట్టి. జవాబు రాలేదు. రావాలని నియమం ఏం లేదు కదా.